మొదటి పావుగంట

తెలుగు సంఘముల వార్షిక సంచికలలో శతకములను గూర్చియు, శాసనములను గూర్చియు పండితులు వ్రాసిన వ్యాసములుండుట పరిపాటి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షతో మా చదువు ముగిసినది. అటు పిమ్మట ముప్పది యెనిమిది యేండ్లు దస్త్రములను కట్టుటయు విప్పుటయు మా వృత్తి. అయినను, ఏదైన ఒక ధర్మవిషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుడని మిత్రులు ఆప్యాయతతో కోరినందున, మమ్ము చిరకాలముగా వేధించుచున్న ఒక ప్రశ్నను పాఠక మహాశయుల ముందుంచ సాహసించుచున్నాము. ప్రశ్న ఇది: మనకు లాభము తెచ్చు దయ దయ యగునా? మన పని చక్కగా సాగవలెనని మన చేతిక్రింది ప్రాణిని చక్కగా చూచుకొనిన ఎడల, అది ధర్మమా, వర్తకమా?

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి రాలేదు. ఒక జట్కా గుర్రమువలన వచ్చినది.

మాది తిరుత్తణి. 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మా తాలూకా ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రములో చేరిన నాటికి మేము తొట్టెలోని పసివారము. చిత్తూరు జిల్లా వారమై పుట్టి, చెంగల్పట్టు జిల్లా వారమై చదువుకొని, 1997వ సంవత్సరమునుండి తిరువళ్ళూరు జిల్లా వారమైతిమి. ఇల్లు మాత్రము మారలేదు. ఇంటిలోని తెలుగును మారలేదు. మా బాల్యమున రైలు స్టేషను వెలుపల జట్కాలు వరుసగా నిలిచియుండెడివి. కొండమీది సుబ్రహ్మణ్యస్వామిని సేవింప వచ్చు యాత్రికులు, దిగిన వెంటనే వానిని చుట్టుముట్టెడివారు. నేడు ఆ తావున ఆటోలున్నవి. జట్కా నెక్కి యెరుగని చిన్నవారి కొరకు దానిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది.

జట్కాకు చక్రములు రెండే. నాలుగు చక్రముల బండి తన బరువును తానే మోసికొనును. రెండు చక్రముల బండి అట్లు కాదు. అది త్రాసువంటిది. ఇరుసు ముల్లు, ముందరి నొగలు ఒక తట్ట, వెనుక మెట్టు ఒక తట్ట. ఎక్కినవారు వెనుకకు చేరిన ఎడల నొగలు పైకి లేచి, గుర్రపు పొట్టక్రింది పట్టెడ బిగియును. ముందునకు చేరిన ఎడల నొగలు క్రిందికి వ్రాలి, గుర్రపు వీపున బరువు పడును. అందుచేతనే జట్కావాడు బండి కదలుటకు ముందు "రొంత ముందుకు జరగండి", "రొంత యెనక్కి జరగండి" అని ఎక్కినవారిని సర్దుచుండెడివాడు. పల్లమునకు దిగునపుడు బరువంతయు ముందునకు వచ్చును గనుక మరల జరగుమనెడివాడు. చదువురాని ఆ మనిషి ఆ త్రాసును నడుముతోనే గ్రహించెడివాడు.

మా వీధి చివర ఒక సాయిబు కాపురముండెడివాడు. పిల్లలమెల్ల ఆయనను తాతా అని పిలిచెడివారము. ఆయన గుర్రము గోధుమవన్నెది. ముందరి మోకాళ్ళు రెండింటను బొచ్చు మొలవని తెల్లని మచ్చలుండెను. మునుపటి యజమాని చేతిలో అది మోకాళ్ళపై పడినదట. అట్లు పడిన గుర్రమును ఎవ్వరును కొనరు. ఒకమారు పడినది మరల పడునని గుర్రముల బేరగాండ్ర నమ్మకము. అందుచేత సాయిబు తాతకు అది చవుకగా దొరికినది. "ఇది ముందు బరువు గుర్రం నాయనా, చెడ్డది కాదు" అని ఆయన మాతో చెప్పుచుండెను.

ముందు బరువు అనగా ఏమో ఆనాడు మాకు తెలియదు. పెద్దవారమైన పిమ్మట గ్రంథాలయములలో దొరికినంత చదివి తెలిసికొంటిమి. గుర్రము ఊరక నిలిచియున్నప్పుడే దాని బరువులో నూటికి సుమారు 60 పాళ్ళు ముందరి కాళ్ళపై నుండును. వెనుకటి కాళ్ళపై 40 పాళ్ళు మాత్రమే. పొడుగైన మెడయు, పెద్ద తలయు ముందునకు చాచియుండుటయే కారణము. మనకు భుజమును రొమ్ముతో కలుపు జత్రువను ఎముక కలదు. గుర్రమునకు అది లేదు. దాని ముందరి కాళ్ళు కండరములచేతను స్నాయువులచేతను మాత్రమే మొండెమునకు కట్టబడియుండగా, మొండెము ఆ రెండింటి నడుమ ఊయలవలె వ్రేలాడుచుండును. కావున ముందు బరువు కొంతవరకు ప్రతి గుర్రమునకును సహజమే. కొన్నింటియందు అది మితి మించును. అట్టి గుర్రము వెనుకటి కాళ్ళను పొట్టక్రిందికి తెచ్చుకొని తోయక, ముందరి కాళ్ళతో తన్ను తాను ఈడ్చుకొని పోవును, తొట్రుపడును, లాడములు మునివైపున అరుగును, కళ్ళెముపై తల మోపి, తోలువాని చేతిని ఐదవ కాలుగా చేసికొనును.

రాత్రియెల్ల కొట్టమున నిలిచియున్న గుర్రమునకు తెల్లవారునప్పటికి ఒడలు బిగిసియుండును. కీళ్ళలోని జిగురు కదలవలెను. కండరములకు నెత్తురు పారవలెను. గుర్రము తన ప్లీహమునందు నెత్తుటి కణములను మూటకట్టుకొన్నట్లు దాచుకొని, శ్రమపడునపుడు వానిని విడుచునని వైద్యులు చెప్పుదురు. ఆ మూట విప్పుటకును వ్యవధి కావలెను. ముందు బరువు గల గుర్రమునకు ఈ వ్యవధి మరింత అవసరము. ఏలయనగా, ఒడలు విడని గుర్రము తనకు తెలిసిన సులువైన త్రోవనే పట్టును. దాని సులువైన త్రోవ ముందునకు వాలుటయే.

సాయిబు తాత ప్రతి ఉదయమును ఈ వ్యవధిని దానికి ఇచ్చెడివాడు. ఉలవలు పెట్టి, నీరు త్రాగించి, కొంతసేపు తాళి, బండి కట్టకయే గుర్రమును చేత పట్టుకొని ఏటివైపు నడిపించుకొని పోయెడివాడు. మొదట పగ్గము వదులుగా నుంచి, తల క్రిందికి చాచుకొని తన యిష్టమున నడువనిచ్చును. పిమ్మట ఖాళీ బయలున ఒక పెద్ద వలయమును కుడివైపు, మరియొక వలయమును ఎడమవైపు త్రిప్పును. వలయమున లోపలి వెనుకటి కాలు పొట్టక్రిందికి రాక తప్పదు. అటు తరువాత నాలుగడుగులు నడిపి నిలుపును. మరల నడిపి మరల నిలుపును. నిలిపినపుడు పగ్గమును లాగి పట్టుకొనడు. ఒక్కమారు తాకి వెంటనే విడుచును. కడపట రెండు మూడడుగులు వెనుకకు నడిపించును. అంతయు కలిసి ఒక పావుగంట. ఆ పిమ్మట దాని మెడ కొంచెము లేచి, అడుగు తేలికపడుటను పసివారమైన మేము సైతము గుర్తించెడివారము.

"పగ్గం గట్టిగా పట్టుకోవచ్చు కదా తాతా, తల పైకి లేస్తుంది" అని మేమొకమారు అంటిమి. "లేపితే లేస్తాది. నా చేతి మీద లేస్తాది, దాని కాళ్ళ మీద కాదు. నేను చెయ్యి తీస్తే మళ్ళా పడతాది" అని ఆయన బదులు చెప్పెను.

ఆయనకు పేరైనను తెలియని వారు ఎందరో వేరు దేశములలో ఈ మాటనే చెప్పియుండిరి. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు దేశీయుడగు జెనొఫన్ గుర్రపుస్వారీని గూర్చి గ్రంథము వ్రాసి, బలవంతమున చేయించిన పనియందు గుర్రమునకు తెలివియు ఉండదు, చూచువారికి సొగసును ఉండదు అను భావమును వెల్లడించెను. 1733వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు గెరినియేర్ వెలువరించిన గ్రంథమున, గుర్రపు భుజమును కొంచెము లోపలికి త్రిప్పి ప్రక్కవాటుగా నడిపించి, లోపలి వెనుకటి కాలిపై బరువును చేర్చు పద్ధతి విపులముగా నున్నది. వియన్నా నగరపు ప్రసిద్ధమైన అశ్వశిక్షణశాల వారికి నేటికిని ఆ గ్రంథము ప్రమాణము. మన తెలుగువారిలో మనుమంచి భట్టు అశ్వముల లక్షణములను గూర్చి పద్యములలో గ్రంథము రచించెను. అమరకోశమున గుర్రపు నడకలు ఐదు విధములుగా పేర్కొనబడి, ధారలని పేరొందినవి. ఇంతమంది ఇన్ని చోట్ల శ్రమపడి గమనించినారు. వీరందరికిని పాఠము చెప్పినది గుర్రమే గనుక సాయిబు తాతకును గెరినియేరుకును మాట కలిసినదని మేము తలంచుచున్నాము.

ఇందుకు విరుద్ధమగు మార్గము కూడ లోకమున నడిచినది. ఇంగ్లండు దేశమున ధనవంతులు తమ బండ్ల గుర్రములు ఠీవిగా కనబడవలెనని, తల వంచుటకు వీలులేకుండ ఒక బిగువైన వారును కట్టి తలను పైకి లాగియుంచెడివారు. చూచుటకు ముందు బరువు పోయినట్లే యుండును. నిజమునకు మెడయు వీపును నొచ్చి, ఎత్తు ఎక్కునపుడు బండి లాగుటకు బలము చాలకపోవును. 1877వ సంవత్సరమున అన్నా స్యూయెల్ అను వనిత గుర్రము తన కథను తానే చెప్పుకొన్నట్లు "బ్లాక్ బ్యూటీ" అను నవలను వ్రాసి ఈ దురాచారమును ఎండగట్టెను. ఆ నవలలోని గుర్రము సైతము మోకాళ్ళపై పడి, ఆ మచ్చలవలన వెల తగ్గినదే.

ఇక మా కథకు వత్తము. ఆడికృత్తిక మా ఊరికి అన్నింటికన్న పెద్ద పండుగ. పూల కావడులతో వచ్చు భక్తులచేత వీధులన్నియు నిండిపోవును. మాకు పదకొండేండ్లు ఉన్న యేట ఆ పండుగనాటి ఉదయమున మా యింటికి తంతి వచ్చినది. మద్రాసులో మా పెదనాయనగారు ఆసుపత్రిలో ఉన్నారనియు, వెంటనే బయలుదేరి రావలసినదనియు అందుండెను. బడిపంతులగు మా నాయనగారు మమ్ము వెంటబెట్టుకొని సాయిబు తాత యింటికి పరుగెత్తిరి. తక్కిన జట్కాలన్నియు అప్పటికే స్టేషనుకు పోయియుండెను. ఆయన అప్పుడే గుర్రమును కొట్టమునుండి వెలుపలికి తెచ్చుచుండెను.

"సాయిబూ, బండి కట్టు. అన్నకు బాగలేదంట. రైలు అందుకోవాల" అని నాయనగారనిరి.

"కడతా అయ్యవారూ. ఒక్క పావుగంట తాళండి. దీనికింకా వొళ్ళు విడలేదు."

"పావుగంటకు రైలు పోతుంది. మనిషి ప్రాణం పెద్దదా, గుర్రం కాళ్ళు పెద్దవా?"

సాయిబు తాత కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మనిషి ప్రాణమే పెద్దది సామీ. ఇప్పుడే కడతా. సామాను పెట్టండి. పల్లం దిగేదాకా మాత్రం మీరు ఎక్కొద్దు. నడవండి, నేనూ నడుస్తా" అని బండి కట్టెను.

మా వీధినుండి స్టేషను దారికి ఒక పల్లము దిగవలెను. నాయనగారు కోపముతో ముందు నడిచిరి. సాయిబు తాత గుర్రము తల ప్రక్కగా, దాని మెడపై ఒక చేయి వేసి, నాలుగడుగులు నడిపి ఒక అర నిమిషము నిలుపుచు నడిచెను. నాయనగారు వెనుదిరిగి చూచినప్పుడెల్ల బండి నిలిచియుండెను. పల్లము దిగిన పిమ్మట అందరము ఎక్కితిమి. గుర్రము చక్కగా పరుగెత్తినది. ఐనను దారి పొడుగున కావడులు. త్రోవ యిమ్మని కేకలు. మేము ప్లాట్‌ఫారము మీదికి వచ్చునప్పటికి రైలు కడపటి పెట్టె దాటిపోవుచుండెను. సాయిబు తాత బాడుగ పుచ్చుకొనలేదు. తరువాతి రైలుకు మూడు గంటలు కూర్చుంటిమి. ఆ మూడు గంటలు నాయనగారు ఒక్క మాటయు ఆడలేదు.

పెదనాయనగారు బ్రదికిరి, అటు తరువాత పదునొకండేండ్లు జీవించిరి. అయినను నాయనగారు మరల ఆ జట్కా ఎక్కలేదు. ఇంటిలో ఎవరైనను పనిని జాగుచేసిన ఎడల "గుర్రపు ధర్మం" అని ఎత్తిపొడుచుట వారికి అలవాటైనది. మేమును నాయనగారి పక్షమే. రైలు తప్పినది పావుగంటవలననో, కావడుల రద్దీవలననో చెప్పుట కష్టము; కాని కోపమునకు కారణము ఒక్కటే కావలెను గదా.

కొన్ని దినములకు మేము మనసు పట్టలేక సాయిబు తాతను అడిగితిమి: "తాతా, గుర్రం మీద నీకు అంత ప్రేమా?" ఆయన నవ్వి, "ప్రేమేంది నాయనా! ఇది పడిందంటే నా పొయ్యిలో పిల్లి పడుకుంటాది" అనెను. ఆ జవాబు విని మాకు ఆయనయందున్న కొద్దిపాటి గౌరవమును తగ్గినది. ఓహో, ఇది దయ కాదు, పొట్టకూటి లెక్క అనుకొంటిమి. వ్యాసారంభమున మేము పెట్టిన ప్రశ్న ఆనాడు పుట్టినదే.

ఈ ప్రశ్న పెద్దలకును తోచినదని తరువాత తెలిసినది. జర్మను తత్త్వవేత్త కాంటు 1785వ సంవత్సరమున వెలువడిన తన నీతిశాస్త్ర గ్రంథమున ఒక దుకాణదారుని ఉదాహరించెను. అతడు పసిబిడ్డ వచ్చినను ఎక్కువ వెల తీసికొనడు. కాని అది తన బేరము చెడకుండుటకై చేసినదైన ఎడల, పని ధర్మసమ్మతమే యైనను దానికి నైతికమైన విలువ లేదని కాంటు అభిప్రాయము. మన గీతయు ఫలాపేక్ష లేని కర్మను శ్లాఘించుచున్నది. ఈ కొలతతో కొలిచిన సాయిబు తాత పావుగంట వర్తకమే.

కాని మాకు మరియొక సన్నివేశము జ్ఞాపకము వచ్చుచున్నది. భారతమున ద్రోణపర్వము నందు అర్జునుడు సూర్యాస్తమయమునకు లోపల సైంధవుని చంపుదునని ప్రతిన పట్టెను, తప్పిన అగ్నిప్రవేశమే. ప్రతి నిమిషమును విలువగలది. అట్టి దినమున, శత్రుసేన నడుమ, బాణముల దెబ్బలు తిని అలసిన గుర్రములను శ్రీకృష్ణుడు రథమునుండి విప్పెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువుల నాపుచు, బాణముతో భూమిని చీల్చి నీటి మడుగును కల్పించెను. శ్రీకృష్ణుడు తన చేతులతో బాణములను పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, అలసట తీరిన పిమ్మట మరల కట్టెను. ఇది గుర్రములపై దయయా, ప్రతిన నెరవేర్చుకొను ఉపాయమా? భారతము ఈ రెంటిని వేరు చేయలేదు. మా ఊరిలోనే 1888వ సంవత్సరమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు 1953లో వెలువరించిన ఉపనిషత్తుల అనువాదములో కఠోపనిషత్తును కలదు. అందు శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుర్రములు. ఈ ఉపమానమును విన్న ప్రతివాడును గుర్రములను అదుపున ఉంచవలెననియే గ్రహించును. అదుపున ఉంచువాడు అప్పుడప్పుడు విప్పవలసియుండునని శ్రీకృష్ణుడు చేసి చూపెను.

పాఠకులు ఇచట మమ్ము ఒక మాట అడుగవచ్చును. పెదనాయనగారు ఆ మూడు గంటలలో కన్నుమూసియుండిన ఎడల మీరీ వ్యాసమును ఇట్లే వ్రాసియుందురా? నిజము చెప్పవలెనన్న, వ్రాసియుండము. కాని ఆ పల్లమున గుర్రము పడి, నాయనగారికి కాలు విరిగియుండిన ఎడల ఎవ్వరును ఆయనను తొందర మనిషి అనియుండరు, గుర్రమునే తిట్టియుందురు. జరిగినదానిని బట్టి మనము తీర్పు చెప్పుదుము. పగ్గము పట్టినవాడు జరుగకముందే నిశ్చయింపవలెను. సాయిబు తాత రెండు ప్రాణములను ఒక త్రాసున పెట్టి, ఇరువురిని నడిపించెను. అంతకన్న మేలైన త్రోవ మాకు నేటికిని తోచలేదు.

చట్టము కొంత సాయము చేసినది. రుక్మిణీదేవి అరుండేలు రాజ్యసభలో పట్టుబట్టినందున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1965 నాటి నియమముల ప్రకారము బండి పశువును దినమునకు 9 గంటలకు మించి కట్టరాదు. నడుమ విశ్రాంతి లేక 5 గంటలకు మించి పని చేయింపరాదు. 37 డిగ్రీలకు మించిన ఎండగల చోట్ల మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వరకు కట్టనేరాదు. ఇవి మంచి నియమములు. కాని ఇవి చివరి గంటను గూర్చినవి. మొదటి పావుగంటను గూర్చి ఏ చట్టమును చెప్పజాలదు. అది పగ్గము పట్టినవాని చేతిలోనే ఉన్నది.

ఇంతవరకు ఇతరుల కథ. ఇక మా తప్పును చెప్పికొనక తప్పదు.

మేము ప్రతిదినము రైలున మద్రాసు నగరమునకు పోయి వచ్చు గుమాస్తాలలో ఒకరము. ఉద్యోగము చివరి యేండ్లలో మా క్రింద నలుగురు పని చేయుచుండిరి. ఒక మార్చి నెలలో, తండ్రి మరణించినందున కారుణ్య నియామకము పొందిన ఒక యువకుడు మా విభాగమున చేరెను. వయస్సు ఇరువదియొకటి. మంచివాడు; కాని ముందు బరువు మనిషి. ఏ పని చెప్పినను పూర్తిగా వినకయే దూకును. తొట్రుపడును. ప్రతి చిన్న సంశయమునకును దస్త్రము పట్టుకొని మా బల్లపై వాలును. అది సంవత్సరాంతపు లెక్కలు ముగింపవలసిన నెల. అతనిని ఒక వారము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సులువైన పద్దులు ఇచ్చి, ఒకటి రెండు మారులు నిలిపి, మరల నడిపించియుండిన చాలును. మాకు తీరిక లేకపోయెను. ఇంటికి పోయిన మనిషి దస్త్రములన్నియు అతని బల్లపై పెట్టించితిమి. వాలినప్పుడెల్ల, "ఇదియు నేనే చెప్పవలెనా?" అని నలుగురి యెదుట గద్దించితిమి. అతడు అడుగుట మానెను. తల పైకి లేచినదని మేము సంతోషించితిమి. అది మేము కట్టిన వారు అని అప్పుడు తోచలేదు.

మూడవ వారమున అతడు వేసిన మొత్తములలో పెద్ద పొరపాటు బయటపడినది. సంజాయిషీ కోరుచు కాగితమును పంపినది మేమే. అతడు సెలవు పెట్టెను, తిరిగి రాలేదు. కొన్ని నెలలకు రాజీనామా వచ్చినది. తండ్రి పోయిన యింటికి ఆ జీతమే ఆధారమని అప్పుడు విన్నాము. మమ్ము ఎవ్వరును ఏమియు అనలేదు. లెక్కలు గడువులోపల ముగిసినవి. పై అధికారులు మెచ్చుకొనిరి. ఆ సాయంకాలము రైలు తిరుత్తణిలో దిగి నడుచుచుండగా, స్టేషను వెలుపల, జట్కాలు నిలుచుచుండిన తావున, సాయిబు తాత మాట మాకు వినబడినట్లైనది: నా చేతి మీద లేస్తాది, దాని కాళ్ళ మీద కాదు.

అప్పటినుండి మా ప్రశ్నకు మేము ఒక సమాధానమును కూర్చుకొంటిమి. లోపమున్నచో పండితులు దిద్దుదురు గాక. సాధారణ దినములలో లాభమును దయయు ఒకే నొగలకు కట్టబడి నడుచును. ఏది బండిని లాగుచున్నదో తెలిసికొన పనిలేదు, గుర్రమునకు అంతకన్న పనిలేదు. ఆ రెండును విడిపోవు దినము ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. ఆడికృత్తికనాడు సాయిబు తాతకు ప్రతి నిమిషమును కాసులే. మా నాయనగారిని వెంటనే ఎక్కించుకొని పోయియుండిన బాడుగయు దక్కును, మర్యాదయు దక్కును. గుర్రము ఆ ఒక్క దినమున పడకపోవచ్చును గూడ. అయినను ఆయన చేయి వేరు విధముగా కదలలేదు. ఏలయనగా, పొట్టకూటి కొరకైనను సరే, వేయి ఉదయములు ఆ పావుగంటను నడిచిన చేయి అది. లాభము కొరకు మొదలైన దయ ఆయనకు అలవాటై, లాభము లేని దినమున ధర్మమై నిలిచినది. మాకు దయను గూర్చి చదువుకొన్న మాటలు చాల ఉండెను. చేతికి అలవాటు లేకుండెను. కావున మార్చి నెల వచ్చినపుడు మా చేయి పగ్గమును లాగినది. కాంటుగారి కొలత గొప్పదే కావచ్చును. కాని వర్తకముగానైనను దయను అభ్యసింపనివానికి, కావలసిన నాడు అది ఎక్కడినుండి వచ్చును?

సూరపద్మునితో యుద్ధము ముగిసిన పిమ్మట స్వామివారి కోపము తణిగిన చోటు గనుక మా కొండకు తణిగై యను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ కొండకు మెట్లు 365. ఏటి దినములకు సరిగా లెక్క. మేమిప్పుడు వైద్యుని మాట ప్రకారము క్రింద శరవణ పొయిగై చుట్టును ఒక పావుగంట మెల్లగా నడిచి, పిమ్మట ఎక్కుదుము. ఎక్కినంత ఎక్కి దిగుదుము. మా మోకాళ్ళకును ఇప్పుడు మచ్చలు లేకపోయినను నొప్పులున్నవి. సాయిబు తాతయు, ఆ గుర్రమును, మా నాయనగారును గతించి చాల కాలమైనది.

ఆ యువకుని చిరునామా మా యొద్ద లేదు. ఉండియుండిన ఎడల ఈ సంచిక ప్రతి నొకదానిని పంపి, ఈ పుటను మడిచియుందుము.